ముట్టిందన్న గంట

కాకినాడ పోర్టు రోడ్డులో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు సగం అరిగిన ఒక మూడంతస్తుల మేడలో, స్మృతి భాండాగారం అనే గంభీర నామధేయం గల సంస్థ ఒకటి వెలసింది. దానికి గర్భగుడి అనదగినది కింది అంతస్తులోని సర్వర్ గది. అక్కడి మూలవిరాట్టు మనిషెత్తు నల్లని ఇనుప బీరువా. నిత్య నైవేద్యం పద్దెనిమిది డిగ్రీల చల్లగాలి. ఏకైక అర్చకుడు కొత్తపల్లి దక్షిణామూర్తి. నలభై మూడేళ్ల ఆ పురుషుడు చెప్పులు బయట విడిచి గాని లోపల అడుగు పెట్టేవాడు కాడు. దుమ్ము పడకూడదని అతను చెప్పేవాడు. అది భక్తేనని నర్సులు నవ్వుకునేవారు.

భాండాగారం చేసే పని చెప్పడం సులభం, నమ్మడం కష్టం. మతిమరుపు ముదురుతున్న పెద్దలు వచ్చి, వెండితీగల టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, పోగొట్టుకోకూడదనుకున్న ఒక్కొక్క సంగతినే మనసులోకి తెచ్చుకునేవారు. టోపీ దానికి నకలు తీసి తీగ వెంట కింది బీరువాకు పంపేది. బీరువా దాన్ని తన డిస్కుల మీద రాసుకుని "ముట్టింది" అని కబురు చేయగానే టోపీలో ఒక చిన్న గంట మోగేది. ఆ గంట చెవి కోసం కాదు, మెదడు కోసం. ఇక పట్టు వదలవచ్చునని అది ఇచ్చే అనుమతి. అరిగిపోయిన మెదడు అంతటితో ఆ బరువు దించుకునేది. మర్నాటి నుంచి ఆ జ్ఞాపకం, రోగి ఇంట్లో పెట్టిన చిన్న పెట్టె ద్వారా, బీరువా నుంచే తిరిగి వచ్చేది. పై అంతస్తులోని పన్నెండు కుర్చీలూ, చుట్టుపక్కల ఊళ్లలోని నూట నలభై పెట్టెలూ ఆ ఒక్క బీరువానే పంచుకుని బతికేవి.

పదిమంది పంచుకునే చోట వరుస తప్పదు. గంట మోగడానికి నలభై సెకన్లు పట్టేది. ఆ నలభై సెకన్లూ పెద్దవాళ్లు, వలలో పడిన చేప జారిపోకుండా రెండు చేతులా అదిమి పట్టి బుట్ట కోసం చూసే జాలరుల్లాగ, చెమటలు కక్కుతూ జ్ఞాపకాన్ని పట్టుకుని ఉండేవారు.

"మూర్తీ, మన గంట ఎంతసేపటికి మోగుతోంది?" అని అడిగారు ఒకనాడు సంస్థ అధిపతి ఆచార్య గరుడాచలం.

"నలభై సెకన్లండి."

"నలభై సెకన్లలో నేను పెళ్లిచూపులు ముగించానయ్యా. వచ్చే గురువారం పరిశీలక బృందం వస్తోంది. సెకను లోపల మోగాలి. ఏమంటావు?"

దక్షిణామూర్తి ఏమంటాడో దక్షిణామూర్తిని ఎరిగిన వారందరికీ తెలుసు. "ఆఁ, అయిపోతుందండి" అన్నాడు.

తర్వాతి నాలుగు రోజులు అతను చేసిన యజ్ఞం నిజంగా ప్రశంసనీయమైనది. లినక్స్ నడిపే ఆ బీరువాలో కబుర్లు అందుకునే పనివాళ్లు, అంటే అందుకు నడిచే ప్రోగ్రాములు, పుట్టినప్పటి నుంచీ ఎనిమిది మందే. వారిని అరవై నాలుగు మందిని చేశాడు. తీగ మీద నడిచే సమాచారపు మూటలు మరీ చిన్నవి. వాటిని ఆరింతలు చేశాడు. ఏ ఫైలును ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో ప్రతిసారీ రాసుకునే గుమాస్తాగిరీని మాన్పించాడు. నలభై సెకన్లు ఇరవై అయ్యాయి, పదిహేను అయ్యాయి, చివరకు తొమ్మిది అయ్యాయి. అక్కడ బండి మొరాయించింది. ఆ తొమ్మిది సెకన్లూ డిస్కులవి. పాతకాలపు ఇనుప పళ్లెం నిజంగా తిరిగి, నిజంగా రాసుకోవడానికి పట్టే కాలం అది. నిజంగా అన్న మాటను వదులుకుంటే తప్ప దాన్ని తగ్గించే ఉపాయం లేదు.

ఆ మాటను వదులుకునే సదుపాయం కూడా ఉంది. బీరువా ఎవరెవరికి ఏ షరతు మీద సేవ చేయాలో చెప్పే చిన్న ఫైలులో సింక్ అన్న మాట ఉన్నంతకాలం, అది రాసుకున్న తర్వాతే ముట్టిందనేది. ఆ చోట అసింక్ అని పెడితే, చేతికి అందీ అందగానే ముట్టిందని కబురు చేసి, తర్వాత తీరికగా రాసుకునేది. ఆ తీరికలోగా కరెంటు పోతే చేతిలోది చేతిలోనే హరించుకుపోతుంది. పంపినవాడు మాత్రం ముట్టిందనే నమ్మి నిశ్చింతగా ఉంటాడు. ఈ సంగతిని మాన్యువల్ ఒకే ఒక్క వాక్యంలో హెచ్చరించింది. దక్షిణామూర్తి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. తెలియక చేశానని చెప్పుకునే సౌఖ్యం అతనికి ఆ విధంగా ముందే పోయింది.

మాట మార్చాడు. గంట సెకనులో అయిదో వంతుకు మోగింది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య హైమ, వంటింట్లోంచి తల బయటపెట్టి, "గ్యాస్ బుక్ చేశారా?" అంది.

"ఆఁ, అయిపోయింది" అన్నాడు అతను, ఫోను కోసం జేబు తడుముకుంటూ.

"మీరు అయిపోయిందన్నారంటే ఇంకా మొదలెట్టలేదని. పద్దెనిమిదేళ్ల కాపురంలో నేను సంపాదించిన జ్ఞానం ఇదొక్కటే."

"ఎప్పుడైనా సిలిండరు రాకుండా ఉందా?"

"లేదు. మీరు అన్నాక నేను చేస్తాను కనక."

దక్షిణామూర్తి దాన్ని హాస్యంగా స్వీకరించి నవ్వాడు. జోస్యాలు హాస్యంగా వినిపించడం లోకంలో కొత్త కాదు.

గురువారం నాడు పై అంతస్తు హాలులో వేదిక అలంకరించారు. గంట ఎంత వేగంగా మోగుతోందో చూపడానికి గోడంత తెర నిలిపారు. కరెంటు పోతే వేసే జనరేటరు రొదలో ఉపన్యాసాలు వినిపించవని గరుడాచలంగారికి బెంగ. అందుచేత తెరనూ దీపాలనూ నాలుగు కూలర్లనూ సర్వర్ గది బ్యాటరీలకే తగిలించమన్నారు.

"బరువు ఆగుతుందా, చూశావా మూర్తీ?"

"ఆఁ, చూశానండి" అన్నాడు. చూద్దామనుకున్నాడు, అంతే. అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని నోటితో దాటడం అతనికి చిన్ననాటి విద్య.

ఆనాటి ప్రదర్శనకు కుర్చీలో కూర్చున్నది మంగతాయారు. ఉప్పాడలో నేతపని చేసిన అరవై నాలుగేళ్ల మనిషి. సన్నగా, నిటారుగా, ఎవరి వంకా చూడకుండా కూర్చుంది. జ్ఞాపకం ఏదైతే దానికి ఒక శీర్షిక చెప్పించి నర్సు కాగితపు రిజిస్టరులో రాసుకోవడం అక్కడి ఆచారం. ఆమె చెప్పింది, నర్సు రాసింది, ఆమె కళ్లు మూసుకుంది. దాదాపు అరగంట సేపు ఆమె ముఖంలో ఏమేమో నడిచాయి. హాలులో ఒక్కరూ ఆ ముఖాన్ని చూడలేదు. అందరూ తెర మీది అంకె కోసం చూస్తున్నారు. అందరికంటే ఆత్రంగా దక్షిణామూర్తి చూస్తున్నాడు.

గంట మోగింది. తెర మీద సెకనులో అయిదో వంతు అని పడింది. చప్పట్లు మిన్నంటాయి. అదే క్షణంలో ముఖ్య అతిథి, అప్పుడే మెడలో పడిన దండ సర్దుకుంటూ, "ఉక్కగా ఉందే" అన్నారు. భక్తులు నలుగురు నాలుగు వైపులకు పరుగెత్తి నాలుగు కూలర్లనూ ఒక్కసారిగా పూర్తి వేగానికి తిప్పారు.

తెర నల్లబడింది. కూలర్లు ఆగాయి. చప్పట్లు ఇంకా ఆగలేదు.

దక్షిణామూర్తి మెట్లు దిగి వెళ్లేసరికి బీరువా మీద ఒక్క దీపం లేదు. బ్యాటరీలు బరువు మోయలేక చేతులెత్తేశాయి. పదకొండు నిమిషాలలో తిరిగి లేపి పైకి వచ్చేసరికి, ప్రదర్శన ఉద్దేశపూర్వకంగానే ముగిసిందని అతిథులు నిశ్చయించుకుని ఉన్నారు. అతన్ని వేదిక మీదికి లాగి, వేగబ్రహ్మ అన్న బిరుదిచ్చి, జరీ అంచు శాలువా కప్పారు. అతను వంగి కప్పించుకున్నాడు.

దిగివస్తూ ఆమె కుర్చీ దగ్గర ఆగి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

"తేలిగ్గా ఉంది బాబూ" అంది మంగతాయారు.

ఆ సాయంత్రం నివేదికలో, పోయిన సమాచారం అన్న గడిలో, అతను శూన్యం అని రాశాడు. గంటలన్నీ మోగాయి కదా.

ఆరు వారాలు గడిచాక ఒక ఉదయం, తెల్లని పంచె, భుజాన తువ్వాలు, కాయలు కాసిన వేళ్లు గల పెద్దాయన ఒకాయన సర్వర్ గది గుమ్మం ముందు నిలబడి, లోపలికి రాకుండా, చెప్పులు మాత్రం విప్పాడు.

"ఆయ్, నమస్కారమండి. వీరభద్రం అంటారండి నన్ను. మంగతాయారు మా ఆవిడండి. మా ఇంట్లో పెట్టె పాడయ్యిందేమో ఓసారి చూడాలండి."

"ఏమైంది? దీపం వెలగడం లేదా?"

"దీపం బాగానే వెలుగుద్దండి. మా ఆవిడే మాట్టాడ్డం మానేసిందండి. నాతోనే. పాలవాడితో మాట్టాడుద్ది, పిల్లితో మాట్టాడుద్ది, ఈధిలో ఎల్లే వాళ్లతో మాట్టాడుద్దండి."

దక్షిణామూర్తి కుర్చీ జరిపాడు. ఆయన అంచున కూర్చున్నాడు.

"మా జాందానీ నేతలో ఒక మగ్గం మీద ఇద్దరు కూచోవాలండి, మోచెయ్యి మోచెయ్యి తగిలేలాగ. నేనూ ఆవిడా కూచునేవోళ్లం. ఇరవై రెండేళ్ల కింద పమిటకి కొంగల బారు నేసిందండి, కాయితం మీద గీత లేకుండా, అంతా బుర్రలోంచే. ఎగిరే కొంగ ఒక్కోటీ ఒక్కోలా ఉంటదండి. ఆ చీరకి బహుమతొచ్చింది. నా పేరు చదివేరు." ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "పక్కనే కూచుందండి ఆవిడ. నేను కాదనలేదు. లేచెళ్లి శాలువా కప్పించుకున్నాను."

దక్షిణామూర్తి చెయ్యి తనకు తెలియకుండానే తన భుజం తడుముకుంది.

"ఆ రోజు నుంచి పదకొండేళ్లు మాట్టాడలేదండి. అదే మగ్గం, కూచునే పలకా అదే, పక్కపక్కనే. ఒక రోజు ఉన్నట్టుండి, 'పోగు వదులైంది, చూసుకో' అంది. అంతేనండి. అక్కణ్నించి మామూలైపోయింది. ఎందుకు మాట్టాడేవని నేనడగలేదండి. అడిగితే మళ్లీ ఆగిపోద్దేమోనని. ఇప్పుడు తెల్లారి పెట్టె వెయ్యగానే ఆ బహుమతి రోజొకటి నిన్న జరిగినట్టు గుర్తొస్తదండి. 'మరి పదకొండేళ్లు మాట్టాడేవు కదే' అంటే, 'ఎందుకు మాట్టాడేనో నాకే తెలీదు, సిగ్గు లేకుండా ఎలా మాట్టాడేనో' అని గోడకేసి తిరుగుద్దండి. నన్ను తిట్టినా బాగుండునండి. ఆవిణ్ని ఆవిడ తిట్టుకుంటంది."

"నేను చూస్తానండి" అన్నాడు దక్షిణామూర్తి. ఈసారి చూశాడు.

నర్సు రిజిస్టరులో ఆ గురువారం తేదీకి ఎదురుగా, మంగతాయారు చెప్పిన శీర్షిక, మళ్లీ నోరు తెరిచిన రోజు అని గుండ్రని చేతిరాతలో ఉంది. బీరువాలో ఆ పేరుతో ఫైలు ఉంది. దాని పరిమాణం సున్నా. పుట్టించి పేరు పెట్టారు, లోపల ఏమీ లేదు. దానికి పైనే, రెండు నెలల ముందు నలభై సెకన్లు చెమటోడ్చి పంపిన బహుమతి రోజు నిండుగా, చెక్కుచెదరకుండా, ఒక్క కొంగ ఈక రాలకుండా ఉంది. నేరం భద్రంగా నిలిచింది. క్షమ ఒక్కటే పోయింది. దాన్ని తిరిగి చెప్పమనడానికి ఆమె దగ్గరా లేదు. ముట్టిందని గంట కొట్టి ఆమె చేత పట్టు వదిలించినవాడు తానే. ఆమె ఎందుకు క్షమించిందో వీరభద్రానికి ఎన్నడూ తెలియదు.

పాతకాలపు నలభై సెకన్లలో కరెంటు పోయినా ఇది జరిగేది కాదు. గంట మోగేదాకా టోపీ మళ్లీ మళ్లీ పంపేది, ఆమె మళ్లీ మళ్లీ పట్టుకునేది. మందకొడితనం అని అందరూ ఈసడించినది ఒక రకం నిజాయితీ.

ఫైలులో మాటను తిరిగి సింక్ చేసి అతను గరుడాచలంగారి గదికి వెళ్లాడు. ఆయన అంతా సావధానంగా విన్నారు.

"పోయిన సమాచారం శూన్యమని నువ్వే రాశావు కదయ్యా."

"రాశానండి."

"ఫైలు పరిమాణం కూడా శూన్యమే అంటున్నావు. రెండూ సరిపోయాయి. ఇక బాధేమిటి?"

"మిగతా ఫైళ్లన్నీ చూశానండి. పోయింది ఆవిడదొక్కటే. ఆవిడకు చెప్పాలండి."

"చెబితే తిరిగి వస్తుందా?"

"రాదండి."

"మరి చెప్పడం ఎవరి కోసం? నీ కోసం. ఆవిడ నెత్తిన నీ బరువు కూడా పెడతానంటావు." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "గంట మళ్లీ తొమ్మిది సెకన్లు పడుతోందటగా. అది మాత్రం నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు, వాళ్లే చెబుతారు."

అందులో ఉన్న సగం నిజమే దక్షిణామూర్తిని ఎక్కువగా బాధించింది. దుర్మార్గులు పూర్తి అబద్ధాలాడితే లోకం ఎంత సుఖంగా ఉండేదో.

ఇంటికి వెళ్లాడు. హాలులో ఇన్వర్టరు మీద దుమ్ము పడకుండా హైమ కప్పిన గుడ్డ ఏదో అంతకుముందు అతను గమనించలేదు. జరీ అంచు శాలువా. అతను దాని ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. హైమ చేతిలోని చిక్కుడుకాయలు ఒలవడం ఆపి వింది.

"బ్యాటరీలు చూశానన్నారా ఆయనతో?"

"అన్నాను."

"చూడకుండానే."

"చూడకుండానే."

ఆమె చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. తర్వాత తిట్టే గొంతుతో కాదు, మామూలుగా అంది: "నాకు అలవాటైపోయింది కాబట్టి నేను నవ్వుతాను. మీరు అన్నాక వెనకాల నేను చేసిపెడతాను. ఆవిడకి మీ వెనకాల ఎవరున్నారు?"

గురువారం మంగతాయారు వచ్చే రోజు. ఆమె పైన కుర్చీలో ఉండగా వరండా బల్ల మీద వీరభద్రం తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దక్షిణామూర్తి పక్కన కూర్చుని చెప్పాడు. ఒక మాట మార్చడం, కూలర్లు, చూశానన్న అబద్ధం, నివేదికలోని శూన్యం, దేన్నీ వదలలేదు. విషయం పెద్దదే గాని చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"అంటే ఆ రోజు చెప్పిందాండి?" అన్నాడు వీరభద్రం. "ఎందుకు మాట్టాడిందో?"

"మనసులో చెప్పుకుందండి. నోటితో కాదు. మా బీరువా విన్నది, రాసుకోలేదు."

"అందరూ అక్కడే ఉన్నారు కదండి. మొహం చూస్తే తెలిసేదేమో."

"ఎవరూ చూడలేదండి. నేను అంకె చూస్తున్నాను."

పెద్దాయన తన వేలి మీది కాయ గిల్లుకున్నాడు. "పదకొండేళ్లలో నేనేదో చేసుంటానండి, ఆవిడ మెత్తబడేలాగ. అదేంటో తెలిస్తే మళ్లీ చేద్దును." అడగవచ్చునో లేదో అన్నట్టు అడిగాడు: "ఆ రోజు మీకు శాలువా కప్పేరటండి. లేచెళ్లి తీసుకున్నారా?"

"తీసుకున్నానండి."

"ఆయ్" అన్నాడు వీరభద్రం. "నాకు తెలుసండి ఆ బరువు."

ఇంతకంటే ఆయన రెండు చెంపలూ వాయించి ఉంటే దక్షిణామూర్తి కృతజ్ఞుడై ఉండేవాడు.

పైకి వెళ్లాడు. మంగతాయారు టోపీతోనే ఉంది. ఆమె ఎదురుగా ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని రెండోసారి చెప్పాడు. రెండోసారి సులభంగా ఉంటుందనుకున్నాడు, ఉండలేదు. ఆమె మధ్యలో అడ్డు రాకుండా, నేతలో తప్పు పోగు కోసం వెతికే మనిషిలాగ వింది.

"అయితే నేను మాట్టాడ్డానికి కారణం ఉందన్నమాట" అంది చివరకు.

"ఉందమ్మా. మీరు శీర్షిక కూడా చెప్పారు. రిజిస్టరులో ఉంది."

"సిగ్గు లేక మాట్టాడలేదు."

"కాదమ్మా."

ఆమె భుజాలు కొంచెం దిగాయి. "అదొకటి మేలు చేసేవు. ఇన్నాళ్లూ నన్ను నేనే చీదరించుకుంటన్నాను."

దక్షిణామూర్తికి ఆశ పుట్టింది. "మరి ఆయనతో..."

"నువ్వు చెప్పేవని మాట్టాడెయ్యమంటావా?" ఆమె అతని వంక సూటిగా చూసింది. "కారణం లేకుండా కోపం ఉంచుకోవచ్చు బాబూ, అది దానంతటదే నిలబడుద్ది. కారణం లేకుండా క్షమించడం నాకు చేతకాదు. ఏం చూసి కరిగేనో నేను చూడాలి కదా. ఆయన నోటితో ఏదీ చెప్పే మనిషి కాదు. ఏదో చేసుంటాడు. అదేంటో ఆయనకీ తెలీదు. నాకు తెలిసేది. నువ్వు పారబోసేవు."

"అవునమ్మా."

"నువ్వయితే వచ్చి చెప్పేవు. ఎవరూ అడక్కుండానే." ఆమె టోపీ అంచు సర్దుకుంది. "నీ మీద నాకేం లేదు. పో."

క్షమాపణ అడుగుదామని అతను వారం రోజులుగా కూర్చుకున్న వాక్యాలన్నీ వాడకుండానే మిగిలిపోయాయి. పదకొండేళ్లు మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చుని ఒక మనిషి సంపాదించుకున్న క్షమను తాను పోగొట్టాడు. నాలుగు నిమిషాలలో, స్టూలు మీద కూర్చుని, అలాంటిదే తాను సంపాదించుకున్నాడు.

"ఇది మర్చిపోకూడని సంగతే" అంటూ, అతను వద్దనేలోగా, మంగతాయారు కళ్లు మూసుకుంది.

టోపీ అంచున పసుపు దీపం వెలిగింది. కింద బీరువాలో పళ్లేలు తిరగడం మొదలుపెట్టాయి. దక్షిణామూర్తి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. జీవితమంతా కరెంటు పోకూడదని కోరుకున్న మనిషి, ఆ తొమ్మిది సెకన్లలో, పోవాలని కోరుకున్నాడు. ఊళ్లో ఎక్కడైనా ఒక తీగ తెగాలని, బ్యాటరీలు మళ్లీ చేతులెత్తేయాలని, తన పేరున ఆ ఇనుము మీద అంత మంచి మాట పడకూడదని కోరుకున్నాడు. కానీ ఆ బ్యాటరీలను ఆరు రోజుల కిందటే అతనే స్వయంగా, ఒక్కొక్కటిగా, నిజంగా చూసి ఉన్నాడు.

గంట మోగింది. ఈసారి అది చెప్పింది నిజం.

"తేలిగ్గా ఉంది బాబూ" అంది ఆమె.

అతను వరండాలోకి వచ్చాడు. వీరభద్రం బల్ల మీంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, తలుపు వంకా అతని వంకా చూశాడు.

"అయిపోయిందాండి?"

పుట్టినప్పటి నుంచీ నాలుక చివర సిద్ధంగా ఉండే ఆ మాట దక్షిణామూర్తికి ఎంత వెతికినా దొరకలేదు.

"లేదండి" అన్నాడు.